కొబ్బరాకు వాచీ

కొబ్బరాకు వాచీలో ముల్లు తిరగదు. టైమెంతయిందని అడిగితే పెట్టుకున్న పిల్లకు ఏది కావాలంటే అదే చెబుతుంది. కోనసీమ పిల్లలు ఈనె తీసిన కొబ్బరాకుతో వాచీయే కాదు, ఉంగరం, కళ్లజోడు, బూర, పాము కూడా చేసేస్తారు. చెరువున్న ఊళ్లో అయితే కలువ తూడు గొలుసు. తూడును అంగుళానికోసారి విరుస్తూ, పైపొర తెగనీయకుండా ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ ఒలుచుకుంటూ పోతే రెండు పేటలు వస్తాయి. కొసనున్న పువ్వే పతకం. మధ్యలో పొర తెగిందా, ఇంకో తూడు కోసం మళ్లీ నీళ్లలోకి దిగాల్సిందే. ముంజలు తినేశాక మిగిలిన కాయలు రెండూ బండి చక్రాలు, తోయడానికో పంగల కర్ర. వీటికి పాఠ్యపుస్తకం లేదు. అక్క చేస్తుంటే చెల్లి చూసి నేర్చుకోవడమే.

పిల్లలు బొమ్మ అనుకుని సామాను వెతుక్కోరు. చేతికందినదాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది ఏమవుతుందా అని చూస్తారు. చేయి తిరిగిన పనివాళ్లదీ ఇదే దారి. కొండపల్లి వాళ్లు తేలికైన తెల్ల పొణికి కర్రలో దశావతారాలను చూశారు. ఏటికొప్పాక వాళ్లకు అంకుడు కర్ర, లక్క దొరికాయి. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ చదివిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలనూ సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలనూ కలిపి పిల్లలకు రేఖాగణితం చూపించారు. చెత్తలోంచి బొమ్మలు చేసిన ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది.

మన ఇళ్లలో జరుగుతున్నది వేరు. రేపు బడికి 'క్రాఫ్ట్' తీసుకెళ్లాలి. ఈ రోజు సాయంత్రం ఫ్యాన్సీ షాపుకి పరుగు. థర్మాకోలు, మెరుపుల గమ్ము, అచ్చు వేసిన పూసల కిట్టు కొనుక్కొస్తారు. రాత్రి పదింటికి పిల్ల నిద్రపోతుంది, అమ్మ కత్తిరిస్తుంది, నాన్న అతికిస్తాడు. పొద్దున మార్కులు ఎవరికి వేస్తున్నట్టు? జాతీయ విద్యా విధానం 2020లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు పుస్తకాల సంచీ లేని 10 రోజులు ఉండాలనీ, ఆ రోజుల్లో వడ్రంగి, కుమ్మరి వంటి స్థానిక వృత్తులవారి దగ్గర పని నేర్చుకోవాలనీ రాశారు. మంచి మాటే. ఆ రోజులకు కూడా కిట్లు అమ్ముడుపోకుండా ఉంటే చాలు.

పిల్ల తాను చేసిన గొలుసు తెచ్చి మెడలో వేస్తే, చీరకు పసరు అంటుతుందని తీసేయకండి. అది సాయంత్రానికి వాడిపోతుంది, రేపు ఇంకోటి వస్తుంది. ఫొటో తీసి దాచుకోవాలన్న యావ మనదే, వాళ్లకు లేదు. పెద్దల అజమాయిషీ అక్కర్లేదని కాదు. ముద్దొచ్చే గురివింద గింజ కొరికితే విషం. దండ గుచ్చడానికి చింతగింజలు నానబెట్టి ఇవ్వండి, దబ్బనంతో బెజ్జం మీరు పెట్టండి. ఆ తరువాత చేయి అడ్డం పెట్టకండి.

ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం. పిల్లలు తెచ్చిన వాటిలో వంకరగా, గమ్ము కారుతూ ఉన్నదానికి మార్కులు తగ్గించకండి. ఎక్కువసార్లు సొంతంగా చేసినది అదే.