గోడ మీది అక్షరం నిలిచింది.. మరి రాసే చెయ్యి?

హైదరాబాద్ పాతబస్తీలోని బాద్‌షాహీ ఆశూర్‌ఖానాలో ముందు కనిపించేవి రంగులు, ఆ తర్వాతే అక్షరాలు. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1592-96 మధ్య కట్టించిన ఈ భవనం గోడలపై పింగాణీ పలకలతో పీర్ల ఆకారాలు తీర్చారు. ఆ ఆకారాల లోపలంతా అరబిక్ లిపే. చదవగలిగిన వారికి అది ప్రార్థన, చదవలేని వారికి చిత్రం.

అక్షరానికి ఉన్న ఈ రెండో ముఖాన్నే 20వ శతాబ్దపు అరబ్ చిత్రకారులు కొత్తగా పట్టుకున్నారు. 1949లో ఇరాకీ చిత్రకారిణి మదీహా ఉమర్ అరబిక్ అక్షరాలనే ఆధునిక చిత్రాలుగా మలిచి వాషింగ్టన్‌లో ప్రదర్శించారు. 1971లో షాకిర్ హసన్ అల్ సయీద్ బాగ్దాద్‌లో 'ఏక పరిమాణం' బృందాన్ని ముందుకు తెచ్చారు. వలస పాలన నుంచి బయటపడ్డ దేశాలకు యూరప్ శైలిని అనుకరించకుండానే ఆధునికం కావడానికి ఇదొక దారి అయింది. ఈ ధోరణికే 'హురూఫియ్యా' అని పేరు. హురూఫ్ అంటే అక్షరాలు.

బతుకుతెరువు ఎక్కడ తెగింది?

హైదరాబాద్‌లో కథ మరోలా నడిచింది. ఇక్కడ లిపికారుడికి, అంటే కాతిబ్‌కు, అన్నం పెట్టింది గ్యాలరీ కాదు, అచ్చుయంత్రం. ఉర్దూ పత్రికలో ప్రతి పంక్తినీ కాతిబ్ చేత్తో రాస్తేనే ప్లేటు తయారయ్యేది. ఛత్తా బజార్‌లో పుస్తకాలు, పెళ్లిపత్రికల పని దొరికేది. నస్తలీఖ్ లిపిలో అక్షరాలు వాలుగా, ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి. టైపుకు లొంగని ఆ వంపే కాతిబ్‌ల ఉపాధిని చాలాకాలం కాపాడింది. 1981లో నూరీ నస్తలీఖ్, 1990లలో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ రక్షణ పోయింది.

యంత్రం అరబ్ దేశాల్లోనూ వచ్చింది. కానీ అక్కడ అప్పటికే అక్షరం కాన్వాస్ మీదికి చేరింది. ప్రభుత్వాలు, మ్యూజియంలు, కొనుగోలుదారులు దానికి అండగా నిలిచారు. సౌదీ అరేబియా 2020ని అరబిక్ లిపి సంవత్సరంగా ప్రకటించింది. 2021 డిసెంబరులో 16 అరబ్ దేశాల ఉమ్మడి ప్రతిపాదనతో ఈ కళకు యునెస్కో జాబితాలో చోటు దక్కింది. ఇక్కడ లిపిని చేతివృత్తిగానే చూశాం. వృత్తి పోతే చెయ్యీ ఖాళీ అయింది.

ఒక మతం సొత్తా?

ఇది ముస్లింల వ్యవహారం అనుకోవడం మరో అడ్డంకి. ఫ్రెంచ్-ట్యునీషియన్ కళాకారుడు ఎల్ సీడ్ 2016లో కైరోలోని కాప్టిక్ క్రైస్తవుల బస్తీలో దాదాపు 50 ఇళ్ల గోడలపై ఒకే అరబిక్ వాక్యాన్ని పరిచారు. ఆ మాట ఒక క్రైస్తవ బిషప్‌ది. హైదరాబాద్‌లో అనిల్ కుమార్ చౌహాన్ ఉర్దూ సైన్‌బోర్డులు రాస్తూ రాస్తూ ఆ లిపి నేర్చుకున్నారు. వందకు పైగా మసీదుల్లో ఖురాన్ వాక్యాలు రాశారు. హిందువు ఎలా రాస్తారన్న అభ్యంతరం వస్తే, జామియా నిజామియా నుంచి అనుమతి తెచ్చుకుని పని కొనసాగించారు. గోల్కొండ సుల్తానుల ఫర్మానాలు పారశీకంతో పాటు తెలుగులోనూ వెలువడ్డ నేల ఇది.

కుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013లో మొదలైన భారీ పునరుద్ధరణ 2024లో ముగిసింది. రాతిని కాపాడుకోవడం మనకు చేతనవుతుందని అది రుజువు చేసింది. ఇక కాపాడాల్సింది నైపుణ్యాన్ని. పంజాగుట్టలోని ఇదారె అదబియాతె ఉర్దూ వంటి సంస్థలు లిపి తరగతులు నడిపాయి. అయితే నేర్చుకున్నవారికి పని ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న. మెట్రో స్తంభాలకు, ఫ్లైఓవర్లకు బొమ్మలు వేయించే నగరం ఒక గోడను కాతిబ్‌కు ఇవ్వలేదా? లలిత కళల విద్యార్థిని ఒక సెమిస్టర్ పాటు అతని పక్కన కూర్చోబెట్టలేమా?

1908 మూసీ వరదలో ఆశూర్‌ఖానా గోడల కింది భాగంలో పలకలు పోయాయి. ఆ ఖాళీలో తర్వాత రంగులు పూసి పలకల్లా కనిపించేలా చేశారు. పైన ఉన్నదానికీ కింద ఉన్నదానికీ తేడా ఇట్టే తెలిసిపోతుంది. చెయ్యి తిరిగినవారు లేకపోతే రేపు మిగతా గోడకూ మిగిలేది ఆ రంగు పూతే.