మిత్రునకు నగరము చూపుట

లండనునందు నివసించు తెలుగువారు స్వదేశమునుండి వచ్చిన మిత్రునకు థేమ్సు నదిని, రాజభవనమును చూపుదురు. అచటి బ్రిటిషు మ్యూజియమున మన కృష్ణాతీరపు అమరావతి శిల్పములును గలవు. అవి 1880లో అచటికి చేరినవి. వాని కథ చెప్పలేనిచో మిత్రునకు రాళ్లు మాత్రమే కనబడును.

గ్రంథములు చూచి చెప్పవచ్చునని కొందరందురు. కాని, అడిగి తెలిసికొను అలవాటు పుట్టినయూరనే కలుగవలెను. పాల్కురికి సోమనాథుని పాలకుర్తి జనగామ జిల్లాలో నున్నది. మహబూబాబాదు జిల్లా కురవిలో వీరభద్రాలయమును, భూపాలపల్లి జిల్లా గణపురమున కాకతీయుల కోటగుళ్లును గలవు. వానిని ఎవరు కట్టించిరి, ఏల కట్టించిరి యని పెద్దల నడిగిన బాలుడు రేపు ఏ దేశమున నున్నను మిత్రునకు మంచి మార్గదర్శి యగును. తన యూరి నెరుగనివాడు పరదేశమున వీధులను చూపగలడు గాని, నగరమును చూపలేడు.