చెవి ఆపరేషన్ కంటే ముందు వినికిడి పరీక్ష

పుట్టిన బిడ్డకు చెవి దొప్ప సరిగా ఏర్పడకపోతే ఇంట్లో మొదట అడిగేది ఆపరేషన్ ఎప్పుడనే. (గ్రహణం వేళ తల్లి ఏం చేసిందన్న ఆరా కూడా తీస్తారు, దానికి ఏ ఆధారమూ లేదు.) మైక్రోషియా అనే ఈ లోపానికి మంచి శస్త్రచికిత్సే ఉంది. పక్కటెముకల మృదులాస్థిని చెవి ఆకారంలో చెక్కి చర్మం కింద అమర్చుతారు. కొన్ని నెలల తర్వాత దాన్ని పైకి లేపి, వెనుక చర్మం అతుకుతారు. అందుకు సరిపడా మృదులాస్థి పెరగాలి. జపాన్ సర్జన్ సతోరు నగాటా పద్ధతిలో పదేళ్లు నిండి, ఛాతీ చుట్టుకొలత 60 సెంటీమీటర్లకు చేరేదాకా ఆగుతారు. అది సబబే.

అన్నాళ్లూ వినికిడిని కూడా పక్కన పెట్టేయడమే నాకు నచ్చనిది. ఈ పిల్లల్లో చాలామందికి చెవి రంధ్రం మూసుకుపోయి ఉంటుంది, లోపలి చెవి మాత్రం సాధారణంగా బాగానే ఉంటుంది. దొప్పను సరిచేసినంత మాత్రాన వినికిడి రాదు. ఎముక ద్వారా శబ్దాన్ని పంపే యంత్రాన్ని మెత్తటి బ్యాండుతో నెలల పసికందుకే కట్టొచ్చు. రెండు చెవులూ మూసుకుపోయిన బిడ్డకు అది ఆలస్యమైతే మాటలూ ఆలస్యమవుతాయి. ఒక్క చెవికే లోపం ఉన్నా, రెండో చెవినీ పరీక్షించాలి.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టు చెవుడు ఉంది. చెవి దొప్ప లోపమైతే ప్రసూతి వార్డులోనే కంటికి కనిపిస్తుంది. డిశ్చార్జి చీటీ మీదే వినికిడి పరీక్ష తేదీ రాసివ్వాలి.