అడగందే అమ్మయినా పెట్టదు... మరి అడిగేదెక్కడ?

"ఆంటీ, ముందు వెతుక్కోవడం నేర్చుకోండి. తర్వాత పైథాన్ నేర్చుకుందురుగాని."

నేను అడిగిన మొట్టమొదటి ప్రశ్నకి వచ్చిన మొట్టమొదటి జవాబు ఇది. 2023లో ఒక రాత్రి, వంటిల్లు సర్దుకుని, పిల్లలు పడుకున్నాక, పదిన్నరకి కంప్యూటర్ ముందు కూర్చుని, రాసి చెరిపి, చెరిపి రాసి, చివరికి ధైర్యం చేసి అడిగిన ప్రశ్న అది.

నా గురించి రెండు మాటలు చెప్పాలి. 2004లో ఎమ్‌సీఏ పూర్తిచేశాను. ఎనిమిదేళ్లు ఉద్యోగం చేశాను. రెండో కాన్పు తర్వాత మానేశాను. "కొన్నాళ్లాగి మళ్లీ చేరుదువుగానీ" అన్నారు ఇంట్లో. ఆ కొన్నాళ్లూ పదకొండేళ్లయ్యాయి. ఈలోగా నేను నేర్చుకున్న జావా పాతబడలేదు గానీ, ఎక్కడ చూసినా పైథాన్ అనే మాటే వినిపించసాగింది. సరే, వీడియోలు చూసి మొదలుపెట్టాను. అభ్యాసానికి మా అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు లెక్కలు తీసుకుని చిన్న ప్రోగ్రాం రాశాను. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. 101 ఫ్లాటు వాళ్ల బకాయి 102 వాళ్ల ఖాతాలో కూడా పడుతోంది. 103కి వచ్చేసరికి ఇద్దరి బాకీలూ కలిసి వాళ్ల నెత్తిన! మూడు రాత్రులు కూర్చున్నా తప్పెక్కడో అంతు చిక్కలేదు.

అప్పుడు వేలమంది సభ్యులున్న ఒక చర్చా బృందంలో చేరాను. పేరెందుకులెండి. ప్రశ్న పెట్టిన పది నిమిషాల్లో మూడు జవాబులొచ్చాయి. మొదటిది పైన చెప్పాను. రెండోది, "ఇది వందసార్లు అడిగారు". మూడోది అందరికీ కనపడేలా కాదు, నాకొక్కదానికే వచ్చింది. "హాయ్, ఎక్కడుంటారు? మీ ఫోటో బావుంది."

ప్రశ్న తీసేశాను. ఫోటో తీసేశాను. నేనూ బయటికొచ్చేశాను.

పేరు తెలియని జబ్బు

కోపం చల్లారాక ఆలోచిస్తే, "వెతుక్కోండి" అన్న అబ్బాయి చెప్పింది పూర్తిగా తప్పు కాదు. అడిగేముందు వెతకడం మర్యాదే. కానీ దేన్ని వెతకాలి? నా ఇబ్బందికి "మ్యూటబుల్ డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్" అని ఒక పేరుందని నాకు తెలిస్తే కదా! పైథాన్‌లో ఫంక్షన్ రాస్తూ "ఏమీ ఇవ్వకపోతే ఖాళీ జాబితా తీసుకో" అని రాస్తే, ఆ జాబితా పిలిచిన ప్రతిసారీ కొత్తగా పుట్టదు. ఫంక్షన్‌ని నిర్వచించినప్పుడు ఒక్కసారే పుడుతుంది. పేరంటానికి వచ్చినవాళ్లకి తలా ఒక గిన్నె ఇస్తున్నామనుకుంటాం. నిజానికి చేతులు మారుతున్నది ఒకటే గిన్నె. అందుకే 101 వాళ్ల బాకీ 102 వాళ్ల గిన్నెలో కనిపించింది.

ఇంత తేలికైన సంగతి. కానీ జబ్బు పేరు తెలిసినవాళ్లకే మందు దొరుకుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి లేనిది ఆ పేరే. ఆ పేరు చెప్పే మనిషి ఉన్న చోటే మనకి సరైన చోటు. చర్చా బృందాన్ని ఎంచుకోవడమంటే నా దృష్టిలో ఇదే. ఎంతమంది సభ్యులున్నారన్నది కాదు, రెండో ప్రశ్న అడగడానికి మనకి మనసొప్పుతుందా లేదా అన్నదే కొలత.

ఇది నా ఒక్కదాని గోడు అయితే ఇంత రాసేదాన్ని కాదు. స్టాక్ ఓవర్‌ఫ్లో అని ప్రోగ్రామర్లందరికీ తెలిసిన ప్రశ్నోత్తరాల వేదిక ఉంది. 2008లో మొదలైంది. (నేను దెబ్బతిన్న చోటు అది కాదు.) అక్కడ ఆడవాళ్లు ఎందుకు తక్కువగా పాల్గొంటున్నారో తెలుసుకోవాలని 2016లో అమెరికాలో డెనే ఫోర్డ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఒక అధ్యయనం చేశారు. పధ్నాలుగు అడ్డంకులు తేలాయి. వాటిలో అయిదు మగవాళ్లకంటే ఆడవాళ్లని ఎక్కువగా ఆపుతున్నాయట. "నాకంత అర్హత లేదేమో" అనుకోవడం, అంత పెద్ద గుంపుని చూసి బెదరడం, ముక్కూ మొహం తెలియనివాళ్లతో మాట్లాడటానికి ఇబ్బందిపడటం ఆ అయిదింటిలో ఉన్నాయి. చదువుతుంటే ఎవరో నా డైరీ తీసి చూసినట్టనిపించింది.

మరుసటి ఏడాది వాళ్లే ఇంకో సంగతి చెప్పారు. ఒక చర్చలో మరో స్త్రీ కనిపిస్తే, ఆడవాళ్లు తిరిగి పాల్గొనడం త్వరగా జరుగుతోందట. ఇది మనకి కొత్తేమీ కాదు. బస్సెక్కగానే ముందు ఎక్కడ చూస్తాం? ఇంకో ఆడమనిషి పక్కన సీటుందేమోనని కాదూ!

2018 ఏప్రిల్‌లో ఆ వేదిక నిర్వాహకులే, కొత్తవాళ్లకీ ఆడవాళ్లకీ తమ దగ్గర తగిన ఆదరణ లేదని బాహాటంగా ఒప్పుకున్నారు. మర్యాద నియమాలు తిరగరాశారు. అయినా 2022లో వాళ్లు జరిపిన వార్షిక సర్వేలో డెబ్బై వేల పైచిలుకు మంది పాల్గొంటే, స్త్రీలమని చెప్పుకున్నవాళ్లు నూటికి సుమారు అయిదుగురే. మన ఐటీ కంపెనీల్లో మూడో వంతు దాకా ఆడవాళ్లే పనిచేస్తున్నారని లెక్కలు చెబుతుంటే, అడిగే చోట మాత్రం ఈ అయిదుగురేమిటి? ప్రోగ్రాం రాయడం రాక కాదు. అడగడానికి జంకి.

ఆ పన్నెండుమందీ ఏం చేశారు?

ఈ జంకు ఈనాటిది కాదు. 1987లో అమెరికాలో ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద ఒక పెద్ద సదస్సు జరిగింది. వచ్చినవాళ్లలో ఆడవాళ్లు పట్టుమని పది పన్నెండుమంది. వాళ్లలో అనితా బోర్గ్ అనే శాస్త్రవేత్త ఉంది. మళ్లీ ఎవరి ఊరికి వాళ్లు పోయాక ఒంటరివాళ్లమవుతాం కదా అని, ఆమె "సిస్టర్స్" అనే ఈ-మెయిల్ బృందం మొదలుపెట్టింది. ఇంటర్నెట్ అంటే ఏమిటో మనకి తెలియని రోజులవి. క్రమంగా అది వేలమందికి పెరిగింది. ఆమె 2003లో పోయారు గానీ, ఆమె చూపిన దారి పోలేదు.

పైథాన్ సంగతే చూడండి. నెదర్లాండ్స్‌కి చెందిన గైడో వాన్ రోసమ్ దాన్ని 1991లో బయటపెట్టాడు. 1994లోనే దానికొక చర్చా బృందం ఏర్పడింది. తర్వాత కొత్తవాళ్ల కోసం విడిగా "ట్యూటర్" అని ఒక మెయిలింగ్ బృందం పెట్టారు. పెద్దవాళ్ల చర్చలో పిల్లల ప్రశ్న కొట్టుకుపోకూడదని. 2011లో లాస్ ఏంజెలిస్‌లో కొందరు ఆడవాళ్లు "పైలేడీస్" మొదలుపెట్టారు. 2014లో బెర్లిన్‌లో "జాంగో గర్ల్స్" మొదలైంది. ఒక్క రోజు ఉచిత శిక్షణ, పక్కనే కూర్చుని చెప్పే మనిషి. ఈ రెండూ ఇప్పుడు చాలా దేశాలకి పాకాయి. మన హైదరాబాద్‌లో "హైద్‌పై" అని పైథాన్ వాడేవాళ్ల బృందం ఉంది. జాతీయ స్థాయి పైకాన్ సదస్సు 2018లోనూ, 2023లోనూ హైదరాబాద్‌లోనే జరిగింది.

నేను రెండోసారి అడిగింది ఆడవాళ్లే ఉన్న ఒక చిన్న బృందంలో. జవాబు రావడానికి పది నిమిషాలు కాదు, ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది. వైజాగ్‌లో ఉండే ఒకావిడ రాసింది. "దీనికో పేరుంది మేడమ్, అందరం ఇక్కడ ఒకసారి పడినవాళ్లమే" అంటూ. ఆ "అందరం" అన్న మాటకే నాకు కళ్లు చెమర్చాయంటే నమ్మండి.

మళ్లీ వంటింట్లోకేనా?

ఇప్పుడు మీరడగొచ్చు. ఇంత శ్రమ ఎందుకమ్మా, కృత్రిమ మేధని అడిగితే క్షణంలో చెబుతుంది కదా అని. నిజమే, నేనూ అడుగుతున్నాను. అర్ధరాత్రి అడిగినా విసుక్కోదు. ఆంటీ అనదు. ఫోటో అడగదు. తెలుగులో అడిగితే తెలుగులో చెబుతుంది. మనలాంటివాళ్లకి ఇది చిన్న మేలు కాదు.

కానీ దీని వెనక జరుగుతున్నది గమనించాలి. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. అప్పట్నించీ స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్త ప్రశ్నలు ఏటికేడాది బాగా పడిపోతున్నాయి. 2024 ఫిబ్రవరిలో, పాతకాలపు యూజ్‌నెట్ బృందాల్లో కొత్త సంగతులు రాసే వీలుని గూగుల్ గ్రూప్స్ ఆపేసింది. నలుగురూ చేరే రచ్చబండలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. యంత్రం నేర్చుకున్నది కూడా ఆ రచ్చబండల దగ్గర మనుషులు ఓపిగ్గా రాసిన జవాబుల నుంచే. అదొక్కటే కాదు, తప్పు చెప్పినా అది అంతే ధీమాగా చెబుతుంది. బృందంలో అయితే "అది కాదండీ" అని సరిదిద్దే రెండో మనిషి ఉంటాడు. ఒంటరిగా అడిగినప్పుడు, అందులోనూ కొత్తవాళ్లకి, ఆ తప్పు పట్టుకునే దారేది?

అన్నిటికంటే నన్ను భయపెట్టేది వేరే ఉంది. పదేళ్లు మానేసి తిరిగి వచ్చేవాళ్లకి చదువులో వచ్చిన లోటు ఏడాదిలో పూడుతుంది. పూడనిది మనుషుల లోటు. పాత సహోద్యోగులు ఎక్కడెక్కడో ఉంటారు. మన పని చూసినవాళ్లు, "ఆవిడ బాగా చేస్తుంది" అని చెప్పేవాళ్లు ఉండరు. యంత్రం జవాబిస్తుంది గానీ సాక్ష్యం ఇవ్వదు. మా ఆఫీసులో ఖాళీ ఉంది, రండి అనదు. జంకే ఆడవాళ్లకే యంత్రం ఎక్కువ హాయిగా ఉంటుంది. అంటే నలుగురిలోకి రావాల్సిన మన ప్రశ్న మళ్లీ నాలుగు గోడల మధ్యకే పోతోంది. ఇన్నాళ్లూ కష్టపడి గడప దాటింది ఇందుకేనా?

వైజాగ్ ఆవిడ నా ప్రోగ్రాములు చూస్తూ ఆరు నెలల తర్వాత తనకి తెలిసిన కంపెనీకి నా పేరు చెప్పింది. ఆ ఉద్యోగం రాలేదు. కానీ పదకొండేళ్ల తర్వాత మొదటిసారి నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు.

చేరేముందు చూడాల్సినవి

ఏదైనా బృందంలో చేరగానే ప్రశ్న పెట్టేయకండి. వారం రోజులు ఊరికే చదవండి. కొత్తగా వచ్చినవాళ్ల ప్రశ్నకి ఏం జరుగుతోందో చూడండి. జవాబొస్తోందా, వెక్కిరింత వస్తోందా? నియమాలు రాసి ఉన్నాయా, వాటిని పాటింపజేసే మనుషులు ఉన్నారా? ఎవరైనా వెకిలిగా మెసేజి పెడితే ఎవరికి చెప్పాలో తెలుస్తోందా? పైథాన్ వాళ్ల అధికారిక చర్చా వేదికలో సాయం కోసం ప్రత్యేక విభాగం ఉంది, ప్రవర్తనా నియమావళి ఉంది. అక్కడ మొదలుపెట్టొచ్చు. ఫోన్లో ఉండే గుంపులు కబుర్లకి బావుంటాయి గానీ, నిన్నటి జవాబు ఇవాళ దొరకదు. తర్వాత వచ్చేవాళ్లు కూడా వెతుక్కోగలిగే చోటయితే మేలు.

అడగడానికీ ఒక పద్ధతుంది. ప్రోగ్రాం మొత్తం కుమ్మరించకుండా, తప్పు కనిపించే పది వరుసలు మాత్రం పెట్టండి. తెర ఫోటో కాదు, అక్షరాలే పెట్టండి. వచ్చిన ఎర్రర్ ఒక్క ముక్క వదలకుండా ఇవ్వండి. మీరేం అనుకున్నారో, ఏం జరిగిందో, ఏమేం ప్రయత్నించారో మూడు వాక్యాల్లో రాయండి. యంత్రాన్ని అడిగి ఉంటే ఆ సంగతీ చెప్పండి, సిగ్గేం లేదు.

అయితే బాధ్యతంతా అడిగేవాళ్లదే అనడం న్యాయం కాదు. బృందాలు నడిపేవాళ్లు వెకిలి మెసేజీలు పెట్టినవాణ్ణి ఆ రోజే బయటికి పంపాలి. ఇంజనీరింగ్ కాలేజీలు తమ దగ్గర చదివి వెళ్లిన ఆడపిల్లలని ఇప్పుడు చదివేవాళ్లతో కలిపే చోటు ఒకటి ఏర్పాటు చేయాలి. ఉద్యోగాల్లో స్థిరపడ్డ అక్కాచెల్లెళ్లు వారానికి పదిహేను నిమిషాలు ఒక్క ప్రశ్నకి కేటాయిస్తే చాలు. ఒక చర్చలో ఒక్క ఆడపేరు కనిపించినా ఇంకొకరికి ధైర్యం వస్తుందని పైన చెప్పుకున్నాం కదా. ఆ పేరు మీదే కావచ్చు.

మొన్న భీమవరం నుంచి ఒకమ్మాయి మా బృందంలో చేరింది. "సారీ అండీ, సిల్లీ డౌటు" అని మొదలుపెట్టింది. ముందు ఆ మాటలు తీసెయ్యమ్మా అన్నాను. తర్వాత ఎర్రర్ మొత్తం పెట్టమన్నాను.