బుస కొట్టే వాల్వు

పోచారంలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు తన టర్బో కారుకు కొత్త డైవర్టర్ వాల్వు వేయిస్తాడట. బుస్సుమని చప్పుడు చేసేదే కావాలట!

వరంగల్ రోడ్డున జోరుగా వస్తూ, ఉప్పల్ రద్దీ చూసి యాక్సిలరేటరు వదిలామనుకోండి. ఇంజను వాకిలి మూసుకుంటుంది. టర్బో నొక్కి పంపిన గాలి వెనక్కి తన్ని, దాని చక్రాన్నే మోదుతుంది. ఆ గాలిని తిరిగి టర్బో నోటికి మళ్ళించేదే ఈ వాల్వు.

బుస కొట్టేదో, దాన్ని బయటికి వదిలేస్తుంది. గాలిని కొలిచి పెట్రోలు పోసే బండిలో, పోయిన గాలికి కూడా పెట్రోలు పడుతుంది!

పాతదాని రబ్బరు పొర చిరిగితే పిస్టన్ వాల్వు వేయించడం సబబే. చిరగకపోతే డబ్బు దాచుకోవడం మేలు. కొత్తది బలమేమీ పెంచదు. చప్పుడే కావాలంటే దీపావళి ఉండనే ఉంది!