కోడ్ మీది, పాట ఊరిది



మొన్న సెలవులకి ఊరెళ్తే మా పెదనాన్న కొడుకు ఒక ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో పదకొండు సర్టిఫికెట్లు. పైథాన్, జావా, డేటా సైన్స్, ఇంకేవో. అన్నీ ఆన్‌లైన్‌లో తెచ్చుకున్నవే, కొన్నిటికి డబ్బులు కూడా కట్టాడు. "సరే తమ్మీ, నువ్వు రాసిన ప్రోగ్రాం ఒక్కటి చూపించు" అన్నాను. తల గోక్కున్నాడు. రాక కాదు, వాడికి బాగానే వచ్చు. రాసినవన్నీ కాలేజీ ల్యాబ్ కంప్యూటర్లోనే ఉండిపోయాయి. సెమిస్టర్ అయ్యాక ఎవరో చెరిపేశారు.

మనలో చాలామంది సంగతి ఇదే కదా. నేర్చుకుంటున్నాం, కానీ నేర్చుకున్నది నలుగురి కంటికి కనపడట్లేదు.

ముందే ఒక మాట చెప్పాలి. మన అన్నలకి, అక్కలకి టీచరు ఉద్యోగం అనే ఒక దారి ఉండేది. 2000లో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని చెప్పింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ హక్కు కోసం కొట్లాట సాగుతూనే ఉండాలి. నేను చెప్పేది దానికి బదులు కాదు. "ఉద్యోగాలు అడగడం మానేసి కోడింగ్ నేర్చుకోండి" అని ఉపదేశాలిచ్చే పెద్దమనుషులంటే మీకెంత మంటో నాకూ అంతే. కానీ ఆ తలుపు తెరుచుకునే దాకా చేతులు కట్టుకుని కూర్చోలేం.

పైథాన్ గురించే ఎందుకంటున్నానంటే, అది ఉచితం. 1991లో గైడో వాన్ రోసమ్ అనే నెదర్లాండ్స్ ఆయన బయట పెట్టిన భాష అది. దాని లోపలి కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. ల్యాప్‌టాప్ లేదని ఆగొద్దు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో పైడ్రాయిడ్ లాంటి యాప్ ఒకసారి వేసుకుంటే ఆ తర్వాత సిగ్నల్ లేకపోయినా నడుస్తుంది. సిగ్నల్ ఉన్నచోట గూగుల్ కొలాబ్ తెరిస్తే లెక్క చేసేది వాళ్ల కంప్యూటరే, మన ఫోన్ వేడెక్కదు. పాఠాలకి ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్ ఉన్నాయి. ఉచితం, తెలుగుతో సహా మన దేశ భాషల్లోకి మార్చుతూ వస్తున్నారు. అమీర్‌పేట వెళ్లి 'నూరు శాతం ప్లేస్‌మెంట్' బోర్డు చూసి అప్పు చేసేముందు ఇవి ఒక నెల చూడండి. నేనొకప్పుడు అలాంటి ఒక బోర్డు నమ్మి, అమ్మ పత్తి అమ్మిన డబ్బులు పోశాను. అది వేరే కథ.

ఫోన్‌లో పైథాన్ తెరిచి 'గోండి' అని తెలుగులో రాసి, దాని పొడవెంతో లెన్ అనే ఫంక్షన్‌ని అడగండి. మనకి అది రెండక్షరాలు. పైథాన్ అయిదు అంటుంది. 'గ' ఒకటి, ఓత్వం ఒకటి, సున్నా ఒకటి, 'డ' ఒకటి, గుడి ఒకటి. కంప్యూటర్ మన రాతని ముక్కలుగా చూస్తుందన్నమాట. ఆ ముక్కల్ని మళ్లీ అక్షరాలుగా కూర్చే ప్రోగ్రాం రాయాలంటే ఎవరికి ఆసక్తి ఉంటుంది? ఆ భాష ఇంట్లో మాట్లాడేవాడికే. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన మన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అదే ఏడాది వచ్చిన పైథాన్ 3.7 నుంచి ఆ అక్షరాల్ని ఆ భాష గుర్తుపడుతుంది. నోటో ఫాంట్ ఉచితంగా ఉంది. ఇక మీదట పని మనది. కీబోర్డు, పదాల జాబితా, స్పెల్లింగ్ చూసే ప్రోగ్రాం, చిన్నపిల్లల అక్షరాల ఆట, ఏదైనా కావచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాతృభాషగా ఉన్నవాళ్లు 29 లక్షల పైనే. ఇంతమంది ఉన్నా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో దానికి చోటు లేదు. కనీసం మన ఫోన్లలోనైనా ఉండాలి కదా.

భాష మీద ఆసక్తి లేదా? పోడు లెక్క చూడండి. 2023 జూన్‌లో తెలంగాణలో పట్టాలిచ్చారు. మీ ఊళ్లో ఎవరు ఎన్ని ఎకరాలు అడిగారు, పట్టాలో ఎన్ని వచ్చాయి, ఎవరి దరఖాస్తు తిరస్కరించారు? ఇదంతా అటవీ హక్కుల కమిటీ వాళ్ల నోటుబుక్కులో ఉంటుంది, లేకపోతే ఎవరి గుర్తులోనో ఉంటుంది. సబ్ డివిజన్ కమిటీ కాదన్నప్పుడు జిల్లా కమిటీకి పోవడానికి చట్టం ఇచ్చింది 60 రోజులు. చట్టం ప్రకారం ఆ కమిటీ నిర్ణయం తీసుకున్న రోజు నుంచి ఆ లెక్క. ఎవరికి ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చెప్పే ప్రోగ్రాం పైథాన్‌లో ఇరవై లైన్లు కూడా దాటదు. తేదీలోంచి తేదీ తీసేయడమే. కాలేజీలో చేయించే 'లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్' ప్రాజెక్టు కంటే ఇది సులువు, పైగా ఇది చేస్తే ఒక తాతకి భూమి మిగులుతుంది.

చేశాక దాన్ని గిట్‌హబ్‌లో పెట్టండి. మొదట్లో సిగ్గుగా ఉంటుంది. 'నాది చిన్న ప్రోగ్రాం, ఇంగ్లీషు సరిగ్గా రాదు, చూసి నవ్వుతారు' అనుకుంటాం. ఎవరూ నవ్వరు, నిజం చెప్పాలంటే మొదట ఎవరూ చూడరు కూడా. అయినా పెట్టండి. ఎందుకు చేశారో, ఎలా వాడాలో పది వాక్యాలు రాయండి. తెలుగులో రాసినా పరవాలేదు, కింద రెండు ముక్కలు ఇంగ్లీషు చాలు. ఏ రోజు ఏం మార్చారో అక్కడ తేదీలతో సహా నమోదవుతుంది. రేపు ఎవరైనా "నువ్వేం చేశావు" అని అడిగితే చూపించాల్సింది ఆ పేజీ. ఆ పదకొండు సర్టిఫికెట్ల ఫైలు పెట్టెలోనే ఉండనివ్వండి.

అవకాశాలు కూడా ఆ పేజీ వెంటే వస్తాయి. ఔట్‌రీచీ అని ఒక ఇంటర్న్‌షిప్ ఉంది. మూడు నెలలు, ఇంటి నుంచే పని, 7000 డాలర్లు ఇస్తారు, ఏటా రెండు విడతలు. టెక్నాలజీలో చోటు దొరకని సమూహాల కోసమే పెట్టిందది. దరఖాస్తులో మీ మీద ఎలాంటి వివక్ష జరిగిందో రాయమంటారు. మన చుట్టూ ఇంటర్వ్యూల్లో మనం దాచుకునే విషయాన్ని అక్కడ వాళ్లే అడుగుతారు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది. 18 నిండాలి. 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదు, ఓపెన్ సోర్స్‌కి కొత్తవాళ్లయితే చాలు. రెంటికీ మార్కులకంటే ముఖ్యం, అప్పటికే ఏదైనా ప్రాజెక్టులో చిన్న తప్పు సరిచేసి చూపించడం. కాబట్టి దరఖాస్తుకి మూడు నెలల ముందే మొదలుపెట్టాలి. పోటీ గట్టిగానే ఉంటుంది, మొదటిసారి రాకపోవచ్చు. ఐఐటీ బాంబేలోనే ఫోసీ వాళ్ల ఫెలోషిప్పులు కూడా చూడండి.

ఇప్పుడు ఈ రాత మొదలుపెట్టిన అసలు కారణానికి వస్తాను.

మా తమ్ముడు నా మాట విని నెలరోజుల్లో మంచి పని చేశాడు. అవ్వ దగ్గర చెట్ల పేర్లు, మందుల పేర్లు రికార్డు చేశాడు. పర్ధాన్ తాత కిక్రి వాయిస్తూ చెప్పిన మా గోత్రం కథ రెండు గంటలు తీశాడు. వాటిని వెతికే ప్రోగ్రాం రాశాడు. అంతా కలిపి ఒకేసారి గిట్‌హబ్‌లో పెట్టబోతున్నాడు. "ఆగు తమ్మీ" అన్నాను. "నువ్వే కదన్నా పంచుకోమన్నావ్" అన్నాడు.

పంచుకోమన్నాను, నిజమే. కానీ ప్రోగ్రాం వాడు రాసింది. కథ వాడిది కాదు. పెర్సాపేన్ ముందు పాడేది, ఆ గోత్రం వాళ్లు మాత్రమే వినేది, ఒకసారి నెట్‌లో పడితే వెనక్కి రాదు. ఏ వేరు ఏ జబ్బుకో అవ్వ నమ్మకంతో చెప్పింది. అది రేపు ఏ కంపెనీ చేతిలోకైనా పోవచ్చు. పోడు లెక్క కూడా అంతే. రోజులు లెక్కించే ప్రోగ్రాం లోకమంతా వాడుకోనివ్వండి. పేర్లు, సర్వే నంబర్లు, ఆధార్ ఉన్న జాబితా మాత్రం ఊరు దాటకూడదు.

ఈ రెంటినీ విడదీసి చూపించినవాళ్లు ఉన్నారు. న్యూజిలాండ్‌లో తె హికు మీడియా అని మావోరీల రేడియో. 2018లో పది రోజుల్లో తమ జనం చేత 300 గంటలకి పైగా మావోరీ మాటలు చదివించి రికార్డు చేశారు. మాట విని రాసే ప్రోగ్రాం తయారుచేసుకున్నారు. అందుకు మొజిల్లా ఉచితంగా ఇచ్చిన ఓపెన్ సోర్స్ కోడ్ వాడుకున్నారు. కానీ ఆ గొంతుల్ని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. ఆ డేటాకి తాము యజమానులం కాదు, కాపలాదారులం అని రాసుకున్న సొంత లైసెన్సు వాళ్లకుంది. ఏ పనికి వాడతారో అది జనానికి మేలు చేసేదై ఉండాలి, అడిగి వాడాలి.

మనకీ అడగడానికి చోటుంది. ఊళ్లో పటేల్ ఉన్నాడు, గ్రామసభ ఉంది, రాయ్ సెంటర్ ఉంది. మొజిల్లా కామన్ వాయిస్ లాంటి వాటికి గొంతు ఇచ్చేముందు తెలుసుకోండి, అక్కడ ఇచ్చింది ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు. మామూలు మాటలకి అది మంచిదే, భాష బతుకుతుంది. 2025లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఆది వాణి అనువాద యాప్‌లోనూ గోండి ఉంది. దాంట్లో తప్పులు పట్టాల్సింది కూడా మనమే. ఏది ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు అన్నది కూర్చుని తేల్చుకోవాలి. ఒక్క కుర్రాడు రాత్రిపూట ఫోన్‌లో బటన్ నొక్కి తేల్చేది కాదు.

హాస్టళ్ల సంగతి కూడా ఒక మాట. కంప్యూటర్ గది ఉండి తాళం వేసి ఉంటే ఊరుకోకండి. తాళంచెవి ఎవరి దగ్గరుంది, వారానికి ఎన్ని గంటలు తీస్తారు అని రాతపూర్వకంగా ఐటీడీఏలో అడగండి. రసీదు తీసుకోండి.

మా తమ్ముడు పోయిన ఆదివారం పటేల్ ఇంటి ముందు కూర్చుని పెద్దలకి ఫోన్‌లో చూపించాడు. గంటన్నర పట్టింది. చెట్ల పేర్లు పెట్టమన్నారు, మందు పేర్లు వద్దన్నారు. గోత్రం కథ గురించి పర్ధాన్ తాత ఇంకా ఆలోచిస్తానన్నాడు. ప్రోగ్రాం, చెట్ల పేర్లు ఆ రాత్రే పెట్టాడు. రెండు చోట్ల గోండి స్పెల్లింగ్ తప్పుందని కెరమెరి నుంచి ఒక చెల్లి సరిచేసి పంపింది.