మోడల్‌ను తిట్టొద్దు, సాక్షిగా నిలబెడదాం

“రేపటి వాన చెప్పలేనోళ్లు యాభై ఏండ్ల ముందు సంగతి చెప్తారా?” మా శింగనమలలో వాతావరణం మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు ఇట్లా అంటారు, అందరూ నవ్వుతారు. నేనూ నవ్వినోడినే. ఆ నవ్వుతో బాగుపడేది మనం కాదని తెలిశాక మానుకున్నాను.

రైతు సోదరులారా, చెనక్కాయ చేనులో ఏ చెట్టుకు ఎన్ని కాయలు పడతాయో మనం చెప్పలేం. ఊడలు దిగే వేళ నెల దినాలు వాన లేకుంటే దిగుబడి పోతుందని మాత్రం గట్టిగా చెప్తాం. రేపటి వాన చెప్పడం మొదటి రకం పని. వాతావరణ మోడల్ చేసేది రెండో రకం పని.

మోడల్ అంటే జోస్యం కాదు, లెక్క. గాలిని, నేలను, సముద్రాన్ని గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో వేడి, తేమ, గాలి ఎట్లా మారతాయో భౌతికశాస్త్ర సూత్రాలతో కంప్యూటర్ లెక్క కడుతుంది. స్యుకురో మనాబే అనే శాస్త్రవేత్త తన సహచరుడు వెదరాల్డ్‌తో కలిసి 1967లోనే ఒక లెక్క తేల్చాడు. గాలిలో బొగ్గుపులుసు వాయువు రెట్టింపైతే నేల మీద వేడి రెండు డిగ్రీలకు పైగా పెరుగుతుంది, ఎంతో ఎత్తున ఉండే గాలి పొర మాత్రం చల్లబడుతుంది అని. తర్వాత కొలిచి చూస్తే అట్లాగే జరుగుతోంది. సూర్యుడే కారణమైతే ఆ పై పొర కూడా వేడెక్కాలి కదా! మనాబేకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

కొత్త ఎరువు పనితనం చూడాలంటే మనం పక్కపక్కన రెండు మడులు పెట్టి, ఒకదానికి వేసి, ఒకదానికి మానేస్తాం. భూమికి రెండో మడి లేదు. ఆ రెండో మడి మోడల్‌లోనే ఉంది. మనుషులు వదిలిన వాయువులు కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి నడుపుతారు. కలిపినప్పుడే ఇప్పుడు మనం చూస్తున్న వేడి వస్తుంది. తప్పెవరిదో తేల్చే సాక్ష్యం ఇదే.

మన పుణేలోని ఐఐటీఎం కూడా సొంత మోడల్ తయారుచేసింది. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక ప్రకారం 1901-2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. 1951-80తో పోలిస్తే 1981-2011లో వానాకాలపు బెట్టలు 27 శాతం ఎక్కువయ్యాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లాలో ఒక్క బెట్ట ఎక్కువైతే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మోడల్‌కు లోపాలు లేవని నేను అనను. ప్రపంచ మోడళ్లలో చాలావాటికి ఒక్కో గడి వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది. శింగనమల, తాడిపత్రి, ధర్మవరం దానికి ఒకే చేను. మా చెరువు కట్టకు ఇటు పడిన వాన అటు పడకపోవడం దానికి కనపడదు. వేడి గురించి గట్టిగా చెప్తుంది, మన మండలం వాన గురించి తడబడుతుంది. అయితే గడిని చిన్నది చేయమని, వాన కొలతలు పెంచమని అడగాలి గానీ, సాక్షినే తరిమేస్తామా?

మోడల్ అబద్ధమంటే, బొగ్గు, పెట్రోలు తగలబెట్టి సొమ్ము చేసుకున్నోళ్లు దోషం నుంచి తప్పుకుంటారు. మన కరువు తలరాత అవుతుంది, మన పరిహారం భిక్ష అవుతుంది. ఇంకోపక్క, “అంతా వాతావరణ మార్పేనయ్యా, మేమేం చేస్తాం” అని చేతులు దులుపుకునే అధికారులున్నారు. వాళ్లకూ ఒకటే జవాబు: ముందే తెలిసిన నష్టాన్ని ఆపే ప్రయత్నం చేయకపోతే అది ప్రకృతి వైపరీత్యం కాదు, నిర్లక్ష్యం.

అందుకే మనం అడగాల్సినవి ఇవి. మన జిల్లా గురించి మోడళ్లు చెప్తున్నది తెలుగులో రాసి ప్రతి రైతు సేవా కేంద్రంలో పెట్టాలి. ప్రతి పంచాయతీలో పనిచేసే వానమాపకం ఉండాలి, దాని లెక్క రైతుకు ఏ రోజుకారోజు కనపడాలి. బెట్టలు పెరిగాయని ప్రభుత్వ నివేదికే ఒప్పుకుంది కాబట్టి బీమా షరతులు దాని ప్రకారం తిరగరాయాలి. కొర్ర, జొన్న, కంది విత్తనాలు ఏరువాకకు ముందే ఇవ్వాలి, వాటికి గిట్టుబాటు ధర కట్టాలి.

మా ఊరి పేరు ఋష్యశృంగుడి మీదుగా వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆయన అడుగు పెడితే వాన పడిందట. ఇప్పుడు ఏ ఋషీ రాడు. మన చేతిలో ఉన్నది లెక్క. ఆ లెక్క పట్టుకుని మండలాఫీసుకు మనమే పోవాలి.